ఆ రోజు వచ్చిన అంకె

చంద్రపూర్,
14-8-1995

వెంకటమ్మ వదినకు,

దేవన్న దినాలనాడు నువ్వు, "కంప్యూటర్ గట్లెట్ల తప్పు చెప్పింది, తమ్మీ?" అని అడిగావు. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

గనిలోకి దిగినవాళ్ల హాజరీ, పైకొచ్చినవాళ్ల హాజరీ కంప్యూటర్లో పోల్చేది నేనే. పోల్చాక అది ఒక అంకె ఇస్తుంది. సున్నా అయితే రెండూ సరిపోయినట్టు. ఒకటి అయితే ఎక్కడో తేడా ఉంది, మనిషి చూడాలని. కొందరు చెప్పకుండా షిఫ్టులు మార్చుకునేవాళ్లు, అందుకని రోజూ ఒకటి అనే అంకె వచ్చేది. విసిగిపోయి, ఏ అంకె వచ్చినా "అందరూ వచ్చారు" అని అచ్చయ్యేలా ప్రోగ్రాం రాశాను.

ఆ కాగితాన్ని నమ్మి, తర్వాతి షిఫ్టు దిగేదాకా, లోపలే ఉండిపోయిన దేవన్నను ఎవరూ వెతకలేదు.

కంప్యూటర్ తప్పు చెప్పలేదు వదినా. ఆ రోజు కూడా ఒకటి అనే చెప్పింది.

కింద "నీ తమ్మి" అని రాయడానికి చేయి రావడం లేదు.