ఏరి పారేసిన నల్ల గింజలు

ఆగస్టు 11, మంగళవారం

చిరంజీవి గింజమ్మకు,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం పద్ధతి. మీ అత్తయ్య క్షేమమే, మోకాళ్ళ సంగతి వదిలేస్తే. నా క్షేమం మాటేమిటో ఉత్తరం చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో. నువ్వు నీళ్ళ శుద్ధి కేంద్రంలో రోజుకు నలభై సీసాలు పరీక్షిస్తున్నావని అత్తయ్య చెప్పింది. ఆరేళ్ళుగా నీ కబుర్లు నాకూ, నా దగ్గులూ జలుబులూ నీకూ ఆవిడ మీదుగానే అందుతున్నాయి. పాపం, ఆవిడకు పోస్టాఫీసు జీతం ఇవ్వాలి.

పోయిన నెలాఖరుకు నేను రిటైరయ్యాను. దండ వేశారు, శాలువా కప్పారు, నా గురించి నలుగురూ నాలుగు అబద్ధాలు చెప్పారు. అంతకు ముందే, నెల మొదట్లోనే, గది ఖాళీ చేయమన్నారు. కింది అంతస్తులో రాళ్ళు కొట్టే గది నీకు గుర్తుండే ఉంటుంది. ఇనుప దవడల యంత్రం, ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ పేరుకునే తెల్లటి దుమ్ము, గోడకు మేకులు కొట్టి వేలాడదీసిన జల్లెడ చట్రాలు. పైగదిలో కిటికీ పక్కన మైక్రోస్కోపు బల్ల. నా మోచేయి ఆనే చోట రంగు పోయి చెక్క బయటపడింది. ఇరవై రెండేళ్ళు అక్కడే కూర్చున్నాను.

ఈ ఉత్తరాన్ని ముందు అత్తయ్యకు చదివి వినిపిస్తాను. అందుకని నీకు తెలిసిన సంగతులు కూడా కాస్త విడమరిచి రాస్తాను, విసుక్కోకు. ముప్పై ఏళ్ళ కాపురంలో నా పనేమిటో ఆవిడకు సరిగ్గా చెప్పిన పాపాన పోలేదు. రాళ్ళలోంచి రాళ్ళేరే ఉద్యోగమండీ అని వీధిలో చెప్పుకుంటుంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఇసుకరాయి అంటే ఒకప్పుడు ఏదో నది తెచ్చి పోసిన ఇసుక, గట్టిపడింది. ఆ ఇసుక ఏ కొండ అరిగితే వచ్చిందో కనిపెట్టడం మన పని. నది ఎండిపోయి ఉండొచ్చు, కొండ నామరూపాల్లేకుండా పోయి ఉండొచ్చు. రాయిని కొట్టి, జల్లించి, కడిగి, అందులోంచి జిర్కాన్ గింజలు తీస్తాం. ఆవగింజలో పదోవంతుండదు ఒక్కొక్కటి. దానిలోని యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిస్తే గింజ వయసు తెలుస్తుంది. అదే వయసున్న కొండ ఎక్కడుందో వెతికితే ఇసుక పుట్టిల్లు దొరుకుతుంది. పుట్టిల్లు అనే మాట నీదే. నువ్వు అన్నప్పుడు నవ్వి, తరవాత నా ఉపన్యాసాలన్నిటిలోనూ వాడుకున్నాను.

మన కొండచరియ ఇసుకరాయికి నేను చెప్పిన పుట్టిల్లు దక్షిణాన ఉన్న గ్రానైటు కొండలు. ఏరిన గింజలన్నీ రెండువందల యాభై కోట్ల ఏళ్ళవి, కొండల వయసూ అంతే. ఆ సంగతి పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది, నా బాణం గుర్తుల పటంతో సహా. అప్పటినుంచీ నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

నీకు గింజలు ఏరడమంటే విసుగు. అందరూ సూదిమొనతో ఒక్కొక్కటీ ఏరుతుంటే నువ్వు వచ్చినవి వచ్చినట్టు జిగురులో పోసి బిళ్ళ చేసేశావు. నూట పది గింజల్లో ముప్పై ఒకటి చిన్నవి, నల్లవి, అరిగి గుండ్రంగా అయినవి. వయసు మూడువందల ముప్పై కోట్ల ఏళ్ళు. దక్షిణపు కొండల్లో అంత పాతవి మచ్చుకు ఒక్కటి లేదు. పైగా ఆ ఇసుకరాతి మీదున్న మట్టిరాయిలో క్రోమియం బోలెడుంది, గ్రానైటు కొండల్లో అంత క్రోమియం ఎక్కడిది మామయ్యా అని అన్నం తింటుంటే అడిగావు. మిగతా దిక్కుల్లోనూ అలాంటి కొండల్లేవు, ఉత్తరం నుంచి వచ్చి ఉండాలి అన్నావు. ఉత్తరాన ఇప్పుడు సముద్రం తప్ప ఏముంది అని నేను కసురుకున్నాను. ఇప్పుడు కదా అన్నావు.

ఆ గురువారం సమావేశంలో ఏం జరిగిందో నీకు చెప్పక్కర్లేదు, కానీ నా చేత్తో నేను రాయాలి. ఒక్కో రాయికి ఒక్కో కొత్త జల్లెడ గుడ్డ వాడాలి, పని కాగానే పారేయాలి. మన గదిలో అదొక్కటే శాసనం. పాత గుడ్డ దారాల్లో ముందు రాయి గింజలు ఇరుక్కుని తరవాతి రాయిలో కలుస్తాయి. నీ రాయికి ముందు అదే వారంలో కొట్టిన రాయి మూడువందల ముప్పై కోట్ల ఏళ్ళది. నాకు అది చాలింది. పధ్నాలుగు మంది ముందు, ఈ అమ్మాయి గుడ్డ మార్చలేదు, ఆ క్రోమియం కూడా యంత్రపు ఉక్కు దవడలు అరిగి పడ్డదే అన్నాను. అంతటితో ఆగలేదు. మా మేనకోడలే లెండి, ఇంట్లోనూ ఇంతే, గిన్నె తోమితే సగం అంటు గిన్నెకే ఉంటుంది అన్నాను. అందరూ నవ్వారు. మార్చాను సార్ అని నువ్వు ఒక్కసారే అన్నావు. ఇంట్లో మామయ్యని, అక్కడ సార్‌ని. నెల తిరగకముందే పరిశోధన మానేశావు.

మీ అమ్మ నా మాటే నమ్మింది. అన్నయ్య ఊరికే అనడు, నీ అజాగ్రత్త నీకు చిన్నప్పటినుంచీ ఉన్నదే అని నిన్ను నా ఎదురుగానే తిట్టింది. నేను కాఫీ తాగుతూ విన్నాను. చెల్లెలు నన్ను అంతగా నమ్మినందుకు గర్వపడ్డాను కూడా. అదే నమ్మకంతో పోయిన ఏడు వెళ్ళిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల గది ఖాళీ చేస్తుంటే బీరువా అడుగున నీ రాయిలో మిగిలిన సగం కనిపించింది. యంత్రం విప్పి కడిగాను, కొత్త గుడ్డ కత్తిరించాను, ఏరకుండా అన్నీ పోసి బిళ్ళ చేశాను. నూటనాలుగు గింజల్లో ఇరవై తొమ్మిది నల్లవి. మూడువందల ముప్పై కోట్లు. నువ్వు చెప్పింది నిజం. ఉత్తరాన ఒక నేల ఉండేది, విరిగి ఎటో వెళ్ళిపోయింది, దాని ఇసుక మాత్రం మన దగ్గర మిగిలింది.

నా తప్పు ఎక్కడుందో తెలుసా? అందమైన గింజలే ఏరాను. పెద్దవి, తేటవి, కోణాలు తీరినవి. మైక్రోస్కోపు కింద నల్లగా నలిగినవి కనిపిస్తే చెత్త అని సూదితో పక్కకు తోశాను. ఇరవై రెండేళ్ళు ఆ చెత్తంతా సింకులో పోసి నీళ్ళు వదిలాను. ఏరినవన్నీ ఒక్క చోటివే అని తేలిందంటే తేలదూ మరి? ఏరినవాణ్ణి నేనే కదా.

మళ్ళీ వెళ్ళి రాయి తెద్దామంటే ఆ కొండచరియ లేదు. కంకర కొట్టి రోడ్డు వేసేశారు. లారీలు నడుస్తున్నాయి దాని మీద. నా చేతిలో ఉన్నది ఈ బిళ్ళ ఒక్కటే. ఉత్తరంతో పాటు అట్టపెట్టెలో దూది చుట్టి పంపుతున్నాను. నా వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని, కనిపెట్టింది నువ్వేనని పత్రికకు రాశాను. వాళ్ళు అచ్చువేస్తారు. అచ్చువేస్తే మాత్రం ఏమొస్తుంది? ఆరేళ్ళు తిరిగి రావు, నీ థీసిస్ సగంలో ఆగింది ఆగినట్టే ఉంది, మీ అమ్మకు చెప్పడానికి మీ అమ్మ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఇక్కడ కాలింది నా చేతులు కూడా కాదు.

పొద్దున లేస్తే వెళ్ళడానికి చోటు లేదు. ఉన్నా వెళ్ళి చెప్పుకోవడానికి మొహం లేదు. జీవితంలో ఒక్క పని చేశాను, అది తప్పు చేశాను. ఓదార్పు మాటలు రాయకు, అవసరం లేదు. ఒక్కసారి వచ్చి ఆ నల్ల గింజల వ్యాసం నువ్వు రాయి. నా పేరు ఎక్కడా పెట్టకు. మామయ్యా అని పిలవకపోయినా సరే, అత్తయ్యను చూడ్డానికి వచ్చినట్టు రా.

ఇట్లు,
నిన్ను చిన్నబుచ్చిన
మామయ్య

తా.క. ఉత్తరం అత్తయ్యకు చదివి వినిపించాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఇప్పటికైనా తెలుసుకున్నారు, పిల్ల మన్నిస్తుంది లెండి అంది. తరవాత బిళ్ళను పెట్టెలో పెట్టబోతూ వెనక్కి తిప్పాను. ప్రతి బిళ్ళ వెనకా తేదీ చెక్కడం నాకు అలవాటు. గీకేద్దామని బ్లేడు తెచ్చుకున్నాను. చెయ్యి రాలేదు.

అది పోయిన నెల తేదీ కాదు. ఆరేళ్ళ కిందటి ఆ గురువారానికి రెండు రోజుల ముందుది. నువ్వు నివేదిక ఇవ్వగానే ఆ సగం రాయిని నేనే కొట్టాను, గుడ్డ నేనే మార్చాను. నల్ల గింజలు చూశాను. వయసులు చూశాను. బిళ్ళ సొరుగులో పెట్టి తాళం వేసి, వచ్చి, నువ్వు గుడ్డ మార్చలేదని చెప్పాను.

ఇంకొకటి కూడా ఉంది. ఈ రెండూ అత్తయ్యకు తెలియవు. ఆసుపత్రిలో చివరి రోజుల్లో నువ్వు మందులకు వెళ్ళినప్పుడు మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అన్నయ్యా, అది నిజంగానే గుడ్డ మార్చలేదా, మార్చి ఉంటే చెప్పు, దాన్ని చాలా మాటలన్నాను, ఒక్కసారి దగ్గరికి పిలిచి తప్పయిపోయిందమ్మా అంటాను అంది. మార్చలేదమ్మా అని చెప్పాను. నువ్వు మందులు తీసుకుని వచ్చావు. మీ అమ్మ నిన్ను పిలవలేదు.