అత్తయ్యని ఏ సాకెట్‌లో పెట్టాలి?

నవంబర్ 3, ఆదివారం. సాయంత్రం 5:15

కొనేశాను! సాల్మియాలో డీజే పని మానేసినావిడ దగ్గర మిక్సర్. నల్లగా, బరువుగా, వీపు నిండా సాకెట్లు. టేబుల్ మీద పెట్టగానే అత్తయ్య మునీరా దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"మిక్సీ కొన్నావా లుల్వా? మూత ఏదీ?"

మా తమ్ముడు మిషారీ అక్కడే ఉన్నాడు. మగవాళ్ళ ఫంక్షన్లకి సౌండు పెట్టేది వాడే. "అక్కా, ఇస్త్రీపెట్టె ప్లగ్గు వదులైనా నాకే ఫోన్ చేస్తావు. నీకిది అవసరమా?"

రోషం వచ్చింది. అందరి ముందూ ఒట్టు పెట్టాను. 28న మా ఆడపడుచు అనూద్ పెళ్ళి. ఆడవాళ్ళ హాల్లో పాటలు నావే. అప్పటిదాకా వైర్ల గురించి మిషారీని ఒక్క మాట అడగను. అడిగితే మిక్సర్ వాడికే.

అయినా అడిగే వీలెక్కడిది? ఆ హాల్లోకి మగపురుగు రాదు. ఫోన్లు కూడా గుమ్మం దగ్గరే సంచిలో వేయించేస్తారు.

నవంబర్ 4, సోమవారం. ఉదయం 6:20

మిక్సర్‌తో ఇచ్చిన పుస్తకం చదివాను. ఇంతేనా! ఇన్ అంటే లోపలికి, ఔట్ అంటే బయటికి. మన పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు లోపల, మగవాళ్ళు బయట. దీనికి కోర్సులు కూడా చేస్తారట జనం.

6:50. గుర్తుండటానికి చిట్టీలు అంటించాను.

మాస్టర్ ఔట్: అత్తయ్య. నోరు తెరిస్తే హాలంతా వినపడాలి.
బూత్ ఔట్: నేను. నా మాట నాకే వినపడుతుంది.
మైక్ ఇన్: బద్రియా పిన్ని. ఎవరేమన్నా మోసుకొస్తుంది.
ఫోనో ఇన్: మామయ్య. పాత రికార్డు ప్లేయర్‌ది మరీ చిన్న గొంతట, ఈ సాకెట్ దాన్ని పెంచుతుంది. మామయ్య మాట్లాడితే పక్కనున్న వాళ్ళకి కూడా వినపడదు కదా.
లైన్ ఇన్: చిట్టీలు అయిపోయాయి. తర్వాత చూద్దాం.

నవంబర్ 9, శనివారం. ఉదయం 11:00

ల్యాప్‌టాప్ వైరు మామయ్యకి పెట్టాను. పాట రాలేదు. రేకు డబ్బాలో రాళ్ళు పోసి ఆడించినట్టు ఒకటే మోత. పిల్లి సోఫా కింద దూరింది. మామయ్య ఏదో అన్నాడు, ఎవరికీ వినపడలేదు.

11:30. మిషారీని అడగలేదు. వాడి పెళ్ళాం దలాల్‌కి ఫోన్ చేసి, "నీ సందేహమే అన్నట్టు మీ ఆయన్ని అడుగు" అన్నాను.

11:40. జవాబొచ్చింది. "ల్యాప్‌టాప్‌ది అసలే పెద్ద గొంతట వదినా. దాన్ని ఇంకా పెంచితే పగిలిపోదా, లైన్‌లో పెట్టమన్నాడు. కానీ నాకు ల్యాప్‌టాప్ ఎక్కడిదని ఒకటే నవ్వు."

అడిగింది దలాల్. ఒట్టు భద్రం.

నవంబర్ 14, గురువారం

సాధన లేదు. జలుబు. అయినా వైర్లు పెట్టడానికి ముక్కుతో పనేమిటని అత్తయ్య అడిగింది. జవాబుగా తుమ్మాను. అదీ జలుబు వల్లే.

నవంబర్ 19, మంగళవారం. సాయంత్రం 4:30

మిషారీ గహ్వా తాగడానికి వచ్చాడు. చిట్టీలు చదివి కప్పు ఒలకబోశాడు. నేను గోడ వైపు తిరిగి అన్నాను: "సన్న పిన్ను వైరు పెద్ద సాకెట్‌లో నిలవకపోతే ఏం చేస్తారో, పాపం."

వాడూ గోడతోనే అన్నాడు: "అడాప్టర్ కొనుక్కుంటారు, పాపం."

నేను మాట్లాడింది గోడతో. లెక్కలోకి రాదు.

నవంబర్ 26, మంగళవారం

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని చిట్టీలు చదివింది.

"ఇది నేనా?"

"అవునత్తయ్యా. అన్నిటికంటే ముఖ్యమైనది."

"మరి ఈ పైన తిప్పేది?"

"మీ గొంతు తగ్గించడానికి."

దాన్ని పూర్తిగా పైకి తిప్పి వెళ్ళిపోయింది.

నవంబర్ 28, గురువారం. సాయంత్రం 6:10

హాల్లో ఉన్నాను. గోడలో రెండు సాకెట్లు. ఒకటి మా స్పీకర్లకి. రెండోది పక్కనున్న మగవాళ్ళ హాలుకి, పెళ్ళికొడుకుని పిలవడానికట. ఏది ఏదో రాసిన అక్షరాలు అరిగిపోయాయి. స్పీకర్లేమో పెళ్ళికూతురు వచ్చేదాకా ఆన్ చేయరట. అత్తయ్యని కుడి దాంట్లో పెట్టాను. ఆవిడ ఎక్కడికెళ్ళినా కుడివైపే కూర్చుంటుంది.

నవంబర్ 29, శుక్రవారం. ఉదయం 10:00

నిన్న రాత్రి రాయలేకపోయాను.

8:05కి పెళ్ళికూతురు గుమ్మంలో నిలబడింది. పాట నొక్కాను. మిక్సర్ మీద లైట్లు ఎగురుతున్నాయి, హాల్లో మాత్రం చప్పుడు లేదు. మూడు వందల మంది ఆడవాళ్ళు నా వైపు తిరిగారు. అనూద్ ఎత్తిన కాలు దించలేదు. అందరినీ పలకరిద్దామని ఆన్ చేసిన కార్డ్‌లెస్ మైకు చేతిలో ఉండగానే వంటగదిలోకి పరుగెత్తాను. అన్నం పళ్ళేలు అందించే కిటికీ అవతల, మగవాళ్ళ హాల్లో మిషారీ ఉన్నాడు.

"ఒరేయ్, అత్తయ్య పలకడం లేదు!"

"ఎక్కడ పెట్టావు?"

"కుడివైపు. గోడలోకి నొక్కి మరీ పెట్టాను. గొంతు పూర్తిగా పెంచాను, ఉలుకూ పలుకూ లేదు. పీకేసి మామయ్యని పెట్టనా?"

వాడి మొహం ఎలాగో అయింది. "అక్కా, నీ చేతిలో ఏంటది?"

"మైకు."

వాడి వెనక హాలు హాలంతా గొల్లున నవ్వింది.

"పెళ్ళికూతురి పాట మాకే వస్తోంది. లేచి నిలబడాలో వద్దో తెలియక పెద్దవాళ్ళు సగం లేచి ఆగిపోయారు. తర్వాత స్పీకర్లలో నువ్వు వచ్చావు. ఎడం దాంట్లో పెట్టు, వెళ్ళు."

పెట్టాను. పాట వచ్చింది. అనూద్ కాలు దించింది, తర్వాత రెండోది వేసింది. ఆడవాళ్ళ కేకలతో హాలు దద్దరిల్లింది. నాకు ఏడుపొచ్చింది. ఆనందంతో అనుకున్నారంతా. మిక్సర్ పోయింది కదా, అందుకు.

మధ్యాహ్నం 2:15. భోజనాల వేళకి మిషారీ అట్టపెట్టె తెచ్చాడు. ముందే కొలత కూడా తీసుకున్నట్టున్నాడు, సరిగ్గా సరిపోయేలా ఉంది. నేను వైర్లు చుట్టడం మొదలుపెట్టాను.

"ఆగు" అంది అత్తయ్య. "పందెం ఏమిటి?"

"వైర్ల గురించి మిషారీని అడగకూడదని."

"ఇది వాణ్ణి ఎక్కడ అడిగింది? మగవాళ్ళ హాల్లో నూట ఇరవై మందిని అడిగింది. వాళ్ళలో వీడొకడు. కావాలంటే మిక్సర్‌ని నూట ఇరవై ముక్కలు చేసి తలా ఒకటి పంచండి."

మిషారీ నోరు తెరిచాడు. అంతలో మామయ్య అన్నాడు, "న్యాయంగానే ఉంది." వీధి గుమ్మం దాకా వినపడింది. అందరం తినడం ఆపి ఆయన వైపు చూశాం. ఆయన సిగ్గుపడి మజ్బూస్ అన్నం కలుపుకున్నాడు.

పెట్టె ఖాళీగా పంపడం బాగుండదని అత్తయ్య అందులో దలాల్‌కి మజ్బూస్ పెట్టి పంపింది.

నవంబర్ 30, శనివారం. ఉదయం 9:00

బద్రియా పిన్ని ఫోన్ చేసింది. వచ్చే నెల వాళ్ళమ్మాయి పెళ్ళికి పాటలు నేనే పెట్టాలట. మగవాళ్ళు ప్రత్యేకంగా అడిగారట, వాళ్ళ హాలుకి వైరు మాత్రం తీయొద్దని.

కొత్త ఒట్టు, ఇవాళ్టి నుంచే. మిషారీని అడగను. దలాల్‌తో అడిగించను. గోడతో మాట్లాడను.

9:20. మిక్సర్ మీద నా చిట్టీలు లేవు. అత్తయ్య రాతతో రెండే ఉన్నాయి. మాస్టర్ ఔట్ మీద "కోడలు". పవర్ స్విచ్ మీద "అత్తయ్య".

9:25. పవర్ నొక్కాను. వెలగలేదు. మళ్ళీ నొక్కాను. వీపు వైపు వైర్లన్నీ చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పెట్టేశాను.

9:40. ఒట్టులో అత్తయ్యని అడగకూడదని లేదు. అడిగాను.

"ప్లగ్గు నేనే తీశాను" అంది వంటగదిలోంచి. "ఆ ఎక్స్‌టెన్షన్ వైరు మిక్సీకి కావాలి. దీనికి మూత ఉంది."