మూడో వరసలో బూజు

అన్నయ్యకి,

చెల్లి నమస్కారాలు. ఇక్కడ మేమందరం బాగానే ఉన్నాం. నువ్వూ, వదినా, పిల్లలూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. నాన్న మోకాలి సంగతి అడిగావు. నొప్పి అలాగే ఉంది, డాక్టరు మీద కోపం మాత్రం పెరిగింది. అమ్మకి కొత్త కళ్లద్దాలు వచ్చాయి. ఇప్పుడు నేను తోమిన గిన్నెల్లో మరకలన్నీ కనబడుతున్నాయట. నా ప్రాణం మీదకి వచ్చింది.

గ్రీన్‌హౌస్‌లో ఈసారి ఏం వేశారని అడిగావుగా, క్యాప్సికమే. ఇంకేం వేస్తాం? సరిగ్గా కాయ రంగు తిరిగే సమయానికి వారం రోజులు ముసురు పట్టింది. మూడో వరసలో కాయలు తొడిమల దగ్గర మెత్తబడి, బూడిదరంగు బూజు పట్టాయి. నాన్న లోపల అడుగుపెడుతూనే వాసన పట్టేశారు. ఆ ముక్కుకి ఇంకా వయసు మీద పడలేదు.

నీకు గుర్తుందా, బూజు కాయ దగ్గర మనల్ని నోరెత్తనిచ్చేవారు కాదు. "ఊపిరి తగిలినా పొడి లేచి పక్క మొక్కల మీద పడుతుంది" అనేవారు. నువ్వు కాయకి మెల్లగా కవరు తొడిగి, మూతి కట్టి, కోసేదాకా నేను ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. నువ్వేమో కావాలని బుగ్గలు పూరించి కళ్లు తిప్పేవాడివి. నవ్వాపుకోలేక నేను బయటికి పరిగెత్తితే తిట్లు మాత్రం నీకు పడేవి. ఇప్పుడు కవర్లు నేనే తొడుగుతున్నాను. ఎదురుగా వేషాలు వేసేవాళ్లు లేరు. ఎంత బెంగగా ఉంటుందో చెప్పలేను.

మొన్న అలా కవర్లు కడుతుంటే నాన్న మళ్లీ పాత పాటే అందుకున్నారు. "ఆ ఏడు వాడు పొద్దున్నే గ్రీన్‌హౌస్ పరదాలు తెరిచుంటే గాలాడి పంట నిలబడేది. ఒట్టి బద్ధకస్తుడు." పన్నెండేళ్లుగా వింటున్న మాటే. ఆ మాట పడలేకే కదా నువ్వు పెట్టె సర్దుకున్నావు. ఇప్పుడు రాసేది ఫోన్లో చెప్పలేను. నీ గొంతు వినగానే మాట మింగేస్తాను.

అన్నయ్యా, నువ్వు రోజూ పరదాలు తెరిచావు. మూసింది నేను. పరీక్షలని గ్రీన్‌హౌస్‌లోనే వెచ్చగా కూర్చుని చదివేదాన్ని కదా. చలిగాలికి కాళ్లు కొంకర్లు పోతున్నాయని, నువ్వు మార్కెట్‌కి వెళ్లగానే మూసేసి, నాన్న వచ్చేలోపు మళ్లీ తెరిచేదాన్ని. ఆఖరి పరీక్ష రోజు హడావిడిలో తెరవడం మరిచిపోయాను. ఆ రోజే నాన్న చూశారు. అప్పటికే తడి ఆరక బూజు అన్ని వరసలకీ పాకింది. సాయంత్రం నువ్వు "తెరిచాను నాన్నా" అని మొత్తుకుంటుంటే, నేను వంటింటి గుమ్మంలో నిలబడి గుడ్లప్పగించి చూశాను. మొదట భయంతో చెప్పలేదు, తర్వాత సిగ్గుతో.

మొన్న నాన్నకి చెప్పేశాను. ఆయన చేతిలో కవరుకి ముడి పడలేదు. చివరికి అక్కడే బోర్లించిన బుట్ట మీద కూలబడి, "వాడు చెప్తూనే ఉన్నాడే. నేనే వినలేదు" అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇవాళ పొద్దున అమ్మ చేత నీ నంబరు పెద్ద పెద్ద అంకెలతో రాయించుకున్నారు. "ఎత్తుతాడంటావా?" అని నన్ను నాలుగుసార్లు అడిగారు. ఈ ఉత్తరం నీకు అందేదాకా ఆగమన్నాను. వచ్చే ఆదివారం పొద్దున చేస్తారు. నా మీద కోపం ఎన్నాళ్లయినా ఉంచుకో, పడతాను. ఆయన ఫోను మాత్రం ఎత్తు.

ఇట్లు,
నీ పొట్టి చెల్లి