గులాబ్‌బీ క్యాసెట్, బీరువా తాళంచెవి

నల్గొండ జిల్లా ఆలేరు కాపురస్థుడు, మరణించిన మౌలాలి కుమారుడు, మైకుసెట్ల దుకాణం నడిపిన దస్తగిరి అను నేను, తెలివిలో లోపం లేకుండా, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నా తెలివి మీద నా కొడుకు మెహమూద్‌కు అనుమానం ఉంటే, అతని మీద నాకున్న అనుమానం అంతకంటే పెద్దదని ముందే తెలియజేస్తున్నాను.

1. ఇల్లు, దుకాణం మా షరియత్ ప్రకారం మెహమూద్‌కు, కోస్గిలో ఉన్న నా కూతురు జాహేదాకు చేరతాయి. వాటి గురించి నాకు దిగులు లేదు.

2. పెద్ద హారన్ మైకు నా తమ్ముడు గులాం నబీకి. ఎలక్షన్లకు తీసుకుపోయి సొట్టతో తెచ్చాడు. అది ముందునుంచే ఉందని ఇప్పటికీ వాదిస్తాడు. ఇకమీదట ఆ సొట్ట అతని సొంతం.

3. ఇక అసలు సంగతి. నా బీరువాలో క్యాసెట్లు ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో మరణించిన నా భార్య గులాబ్‌బీ పాడిన పీర్ల పాట ఉంది. ఆమె గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. దాని మీద వేరేది ఎక్కించకుండా క్యాసెట్ వెనక ప్లాస్టిక్ ముక్కను ఆనాడే విరిచేశాను. కానీ ఆ చిల్లు మీద కాగితం అంటిస్తే మళ్లీ ఎక్కుతుంది. అలాగే అంటించి, ఒకరి పెళ్లి క్యాసెట్ మీద క్రికెట్ కామెంటరీ ఎక్కించిన ఘనుడు మెహమూద్.

ఇప్పుడు అతను కంప్యూటర్ కొన్నాడు. క్యాసెట్లన్నీ దాంట్లోకి ఎక్కించి బీరువా జాగా ఖాళీ చేస్తాడట. "బాపూ, లోపల డిస్కు ఒక్కటే. గని రెండున్నయని కంప్యూటర్‌ను నమ్మిచ్చిన. ఒకదాంట్ల నా పని, ఇంకోదాంట్ల అమ్మ పాట" అని గొప్పగా చెప్పాడు. లేనిదాన్ని ఉందని నమ్మించేవాడికి ఉన్నదాన్ని లేదనిపించడం ఎంతసేపు? క్యాసెట్లు పాత సామాన్లవాడి పాలవుతాయి. కాబట్టి బీరువా, తాళంచెవి జాహేదాకు దఖలు. మెహమూద్ ముట్టరాదు.

4. జాహేదా బతిమాలితే మొన్న ఆ క్యాసెట్‌ను ఒక్కసారి మెహమూద్‌కు కాపీకి ఇచ్చాను. పాట అయిపోగానే ఆపమని చెప్పి సాయంత్రం అసర్ నమాజుకు పోయాను. పాట ముగియగానే మీట నొక్కడం నా వృత్తిలో అలవాటు, ఊరికే తిప్పితే టేపు అరుగుతుంది. వచ్చి చూస్తే ఇంకా తిరుగుతూనే ఉంది. తిట్టాను. ఏదో చెప్పబోయాడు, నేను వినలేదు.

5. ఇంతవరకు రాయించాక, సాక్షుల ముందే దొంగను పట్టుకుందామని మెహమూద్‌ను కాపీ వినిపించమన్నాను. పాట మొత్తం వచ్చింది. మధ్యలో ఆనాడు పోయిన గూడ్సు బండి చప్పుడుతో సహా ఉంది. పాట అయిపోయింది, ఆపమన్నాను. అతను ఆపలేదు. అప్పుడు గులాబ్‌బీ మాట్లాడింది.

"అయిపోయిందా? మల్ల బీరువల వెట్టి తాళమేస్తవా? ఇంట్ల ఉన్నది మన పోరగాండ్లే గద, ఎవలకు దాస్తున్నవ్? జర ఆల్లను గూడ ఇననియ్యి."

ఆనాడు ఆ మాట నాతోనే అన్నది. చెవికెక్కించుకోలేదు. ఆమె పోయినప్పటినుంచి ఎన్నిసార్లు విన్నా, ఆ మాట రాకముందే మీట నొక్కాను. నాకు దుఃఖం ఆగలేదు. మెహమూద్ నా పక్కనే నేల మీద కూర్చున్నాడు.

6. అందువల్ల మూడో షరతు రద్దు. తాళంచెవి ఈరోజే సాక్షుల ఎదుట మెహమూద్‌కు ఇచ్చాను. జాహేదాకు ఒక కాపీ చేరాలి. కంప్యూటర్ మీద మాత్రం నా అనుమానం తీరలేదు. విరవడానికి దానికి ప్లాస్టిక్ ముక్కైనా లేదు. కాబట్టి అసలు క్యాసెట్‌ను పారేయరాదు. బీరువాకు ఇకనుంచి తాళం వేయరాదు. పీర్ల పండుగనాడు ఆమె పాట అందరికీ వినిపించాలి. పాట అయిపోగానే ఎవరూ ఆపరాదు.

ఆలేరు, 22 నవంబరు 1998

(సంతకం) దస్తగిరి

సాక్షులు: సైదులు, చాయ్ హోటల్, స్టేషన్ రోడ్డు
బాలనర్సమ్మ, పక్కింటి నివాసి (వేలిముద్ర)
రాసినవారు: యోహాను, రిటైర్డ్ టీచర్