అల్లం చట్నీ మీసం

అన్నయ్యా,

భవానీపురంలో మలేరియా పరిశోధన వాళ్లు శిబిరం పెట్టారు. ఆ జ్వరం వస్తే రక్తంలో ఏ పదార్థాలు పెరుగుతాయో, ఏవి తగ్గుతాయో చూసి, జబ్బును తొందరగా పట్టిచ్చే గుర్తులు వెతుకుతారట. నీ జ్వరం ఏంటో తెలిసేసరికే ఆలస్యమైంది కదా, అందుకే నేనూ పేరిచ్చాను. పోల్చి చూడటానికి జబ్బు లేనివాళ్లూ కావాలట. పదో తరగతి తప్పిన నన్ను మొదటిసారి ఎవరో సెలెక్ట్ చేశారు!

ఖాళీ కడుపుతో రమ్మన్నారు. అమ్మ సంగతి తెలుసుగా! "ఎంగిలిపడకుండా గడప దాటకురా" అంటూ గుమ్మంలోనే నా నోట్లో ఇడ్లీ కుక్కింది.

"ఏం తినలేదండీ" అన్నాను శిబిరంలో.

"మరి మీసానికి ఆ అల్లం చట్నీ ఏంటి బాబూ? ఇప్పుడు రక్తం తీస్తే అందులో మీ అమ్మగారి ఇడ్లీయే దొరుకుద్ది" అని సిస్టర్ వెనక్కి పంపేసింది.

మర్నాడు ఏం తినకుండానే బయల్దేరి, అమ్మనే వెంట తీసుకెళ్లాను. సిస్టర్ నచ్చజెప్పబోతే అమ్మ అంది, "మా పెద్దోడు ఖాళీ కడుపుతోనే ఆస్పత్రికెళ్లాడమ్మా. మళ్లీ ఇంటికి రాలేదు."

సిస్టర్ గబగబా రక్తం తీసింది.

సూది బయటికి రాగానే అమ్మ టిఫిన్ డబ్బా తెరిచి, అందరి ముందూ నాకు తినిపించింది. సిస్టర్‌కీ ఒకటి పెట్టింది. మూత పెడుతుంటే చూశాను, ఇంకా రెండు ఇడ్లీలున్నాయి. పొద్దున్నే నువ్వు తినేవి రెండేగా.

ఎవరికని అడగలేదు.