గాంధారం కాడ ఆగినావు

అన్నా,

నువ్వు పోయి ఈపొద్దుకి ఏడాది. ఈ ఉత్తరం యాడికీ పోదని తెలిసే రాస్తాండా.

పొద్దున నీ కూతురు నా ముందర కూర్చుని మోహన రాగం పాడింది. స రి గ ప ద, ఐదు స్వరాలూ ఎక్కింది, దిగింది. మ, ని జోలికి పోలేదు. తప్పేమీ లేదు గానీ మోహన మాత్రం రాలేదు. "గాంధారం కాడ ఆగు పాపా. ఆ 'గ'ని కొంచెం ఊపి, పంచమానికి నిదానంగా పో" అని చెప్పినా. చెప్పినాక గుర్తొచ్చింది. అది నీ పద్ధతి గదా.

బేతంచెర్లలో ఆ పెండ్లికి మనిద్దరం సన్నాయి వాయిస్తాంటే నువ్వు అట్లే ఆగినావు. పెద్ద సన్నాయి ఆగితే చిన్న సన్నాయి షడ్జమం పట్టుకుని, ఆ 'స' మీదనే కాచుకోవాల. నువ్వు దారి తప్పినావనుకుని, ఆ మర్యాద మరిచి నేను పైషడ్జమానికి ఎగబాకినా. జనం శభాష్ అన్నారు. "మా అన్నకు ఐదు స్వరాలు గూడా గుర్తుండవు" అని అందరి ముందర నగినా. నువ్వు ఇంటికొచ్చి సన్నాయి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టినావు. మళ్లా దింపలేదు. అప్పటికి ఈ పాప ఉయ్యాల్లో ఉండె.

ఈపొద్దు పాప గాంధారం మీద నిలబడింది. మోహన వచ్చింది.

"ఇది నీకెవరు నేర్పిచ్చినారు చిన్నాయనా?"

"మీ నాయన."

తమాషా అనుకుని నగింది. "మా నాయన సన్నాయి వాయిస్తాండెనా?"