నా కేక ఎవరి వాటాకి?

శుక్రవారం రాత్రి, పద్మారావు నగర్

తమ్ముళ్లు విడిపోతారట. ఇన్నేళ్లూ కలిసి ర్యాప్ పాటలకు బీట్లు కట్టిన రవి, శీను ఇక ఎవరి స్టూడియో వాళ్లు పెట్టుకుంటారట. మైకులు, స్పీకర్లు గొడవ లేకుండానే పంచుకున్నారు. తేలనిది నా కేక ఒక్కటే.

ఎప్పుడో పూజలో విసిగి "సౌండ్ తగ్గించుండ్రిరా!" అని అరిస్తే, దాన్ని రికార్డు చేసి ప్రతి పాట మొదట్లో తమ గుర్తుగా పెట్టుకున్నారు. మోండా మార్కెట్లో నేను బేరమాడితే కాలేజీ పిల్లలు గొంతు గుర్తుపట్టి నవ్వుతారు.

"పాతది నాకు. శీనుగానికి కొత్తది చెప్పక్కా," అన్నాడు రవి.

"గిదేం లెక్కన్నా? కొత్తది నువ్వే తీస్కో," అన్నాడు శీను.

ముందు కొత్తది కానివ్వండని, దీపం పెట్టి వచ్చి మైకు ముందు కూర్చుని అదే మాట చెప్పాను.

"గట్ల కాదక్కా. హారతి తీసుకోమన్నట్టుంది," అన్నాడు రవి.

"కోపమే లేదు దాంట్ల," అన్నాడు శీను. ఈ మధ్య ఇద్దరూ ఒప్పుకున్న మొదటి మాట ఇదే.

మళ్లీ చెప్పాను. రాని కోపం ఎక్కడి నుంచి తేను? చివరికి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, నన్నెలా రెచ్చగొట్టాలా అని గుసగుసలాడుకున్నారు. అన్నం తింటూ కూడా అదే చర్చ.

సరైన కేక దొరికేదాకా విడిపోవడం వాయిదా అట. రేపు పూజ వేళకే స్పీకర్లు పెడతారట.

స్వామీ, నాకు ఇంకొన్నాళ్లు కోపం రానివ్వకు.